నేర్చుకునే మనసు – ఆటలోనూ, విశ్వాసంలోనూ



వినయం అనే మాట వింటే మనలో చాలామందికి మనసులో ఏదో గుచ్చుకుంటుంది. మన తాతలు ఊళ్లో చెప్పులు చేతపట్టుకుని, తల వంచుకుని నడిచారు. అదే వినయమైతే అది మనకు వద్దు. భయంతో వంగడం వేరు, నేర్చుకోవడానికి వంగడం వేరు. ఈ వ్యాసం రెండోదాని గురించి.

1. నా అనుభవం

హైస్కూల్లో నేను లాంగ్‌జంప్ బాగా దూకేవాణ్ణి. పోటీలకు వారం ముందు మా పీఈటీ సార్ "ఒరేయ్, గీత దాటి దూకుతున్నావు. పరుగు మొదలుపెట్టే గుర్తు ఒక అడుగు వెనక్కి జరుపుకో" అన్నారు. అందరికంటే దూరం దూకేవాణ్ణి, నాకు చెప్పేదేముంది అనుకున్నాను. మడకశిరలో పోటీ రోజు మూడు అవకాశాలు ఇచ్చారు. మూడూ ఫౌల్! ఇసుకలో నా మడమ గుర్తే అందరికంటే ముందుంది. కానీ ఫౌల్ అయితే కొలవరు కదా!

2. ఎవరెస్టు చెప్పే పాఠం

2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరం చేరారు. ఇద్దరూ అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులే, అంటే మనలాంటి పిల్లలే. పూర్ణది నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం, కూలి చేసుకునే గిరిజన కుటుంబం. అప్పటికి ఆమె వయసు 13 సంవత్సరాల 11 నెలలు. శేఖర్ బాబు గారి శిక్షణలో భువనగిరి గుట్ట మీద తాడు పట్టడం నేర్చుకుని, డార్జిలింగ్, లడఖ్‌లలో మంచుకు అలవాటుపడి, ఆ తర్వాతే ఎవరెస్టుకు వెళ్లారు.

ఆ కొండను ఒకేసారి ఎక్కేయకూడదు. కొంత ఎక్కాలి, మళ్లీ కింది శిబిరానికి దిగాలి, ఒళ్లు అలవాటుపడ్డాక ఇంకా పైకి వెళ్లాలి. 8,000 మీటర్ల పైన మనిషికి అందే ఆక్సిజన్ సముద్ర మట్టంలో దొరికేదానిలో మూడోవంతు మాత్రమే. బలం ఉంది కదా అని తొందరపడితే ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరి ప్రాణం మీదికి వస్తుంది. దిగమన్నప్పుడు దిగినవారే శిఖరం చేరగలరు.

3. బైబిలులో అపొల్లో

అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో అపొల్లో కనిపిస్తాడు. అలెక్సంద్రియవాడు, గొప్ప వక్త, లేఖనాలు బాగా తెలిసినవాడు. అయినా ఆయన బోధలో ఒక లోటు ఉంది. యోహాను బాప్తిస్మము వరకే ఆయనకు తెలుసు. ఎఫెసులో అకుల, ప్రిస్కిల్ల అనే భార్యాభర్తలు అది గమనించారు. వారి వృత్తి డేరాలు కుట్టడం. నలుగురిలో తప్పు పట్టకుండా, ఆయనను తమ దగ్గరికి చేర్చుకుని వివరంగా చెప్పారు. ఆ తర్వాత అపొల్లో అకయకు వెళ్లి అక్కడి విశ్వాసులకు ఎంతో సహాయపడ్డాడు. పండితుడికి డేరాలు కుట్టేవారు గురువులయ్యారు. శిష్యుడు అంటే నేర్చుకునేవాడనే కదా అర్థం!

యేసు ప్రభువు శిష్యుల పాదాలు కడిగినప్పుడు తానెవరో మరిచిపోయి కడగలేదు. తాను దేవుని వద్దనుండి వచ్చానని ఎరిగే కడిగాడని యోహాను సువార్త చెబుతుంది. తన విలువ తెలిసినవాడే సంతోషంగా వంగగలడు.

4. మనం ఏం చేయాలి?

* తప్పు చూపగానే సాకు వెతకకుండా ఒక్కసారి చేసి చూడండి.
* చెప్పినవాడు చిన్న తరగతివాడైనా, మాట నిజమైతే తీసుకోండి.
* సీనియర్లు జూనియర్లను పక్కకు పిలిచి చెప్పండి, నవ్వులపాలు చేయకండి.
* అవమానించేవారికి, చెడ్డపని చేయమనేవారికి లొంగడం వినయం కాదు. అప్పుడు తల ఎత్తి "చేయను" అనండి, పెద్దలకు చెప్పండి.

మరుసటి ఏడు నేను గుర్తు ఒక అడుగు వెనక్కి జరుపుకున్నాను. మొదటి బహుమతి రాలేదు, రెండోది వచ్చింది. కానీ ఈసారి నేను దూకిన దూరాన్ని టేపు పెట్టి కొలిచారు. మీ ప్రతి ప్రయత్నమూ లెక్కలోకి రావాలని కోరుకుంటూ, వార్షికోత్సవ శుభాకాంక్షలు.

– ఒక పూర్వ విద్యార్థి