కొక్కెర తెగులు – ఊరి ఉమ్మడి బాధ్యత

తెలుగు పల్లెకు, కోడికి విడదీయరాని అనుబంధం ఉంది. ఓరుగల్లు నగర జీవితాన్ని వర్ణించిన క్రీడాభిరామంలో సైతం కోడిపందెం చోటుచేసుకొన్నది. పందెపు పుంజు మాట ఎలా ఉన్నా, నిరుపేద గృహిణికి పెరటిపెట్ట అక్కరకు వచ్చే రొక్కం. నూకలు, పురుగులు ఏరుకొని తిని పెరిగే ఆ పక్షి బిడ్డల పుస్తకాలకో, మందులకో ఆసరా అవుతుంది. అటువంటి సంపదను కొద్ది రోజుల్లోనే తుడిచిపెట్టగల వ్యాధి కొక్కెర తెగులు.

ఇది వైరస్ వల్ల కలిగే అంటువ్యాధి. 1926లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో గుర్తించడంచేత దీనికి న్యూకాసిల్ వ్యాధి అనే పేరు వచ్చింది. మన దేశంలో కుమావూ కొండల్లోని రాణిఖేత్ పేరిట రాణిఖేత్ వ్యాధిగా ప్రసిద్ధి పొందింది. తెగులు సోకిన కోడి మేత మాని, రెక్కలు వాల్చి, నోరు తెరచి రొప్పుతుంది. ఆకుపచ్చగా, పలుచగా రెట్ట వేస్తుంది. కొన్నింటికి మెడ మెలితిరిగి, కాళ్ళు చచ్చుబడతాయి. రెట్టతో కలుషితమైన నీరు, మేత, గంపలు, చివరకు మనుషుల చెప్పులు కూడా వ్యాధిని మోసుకొనిపోతాయి.

దీనిని నయం చేసే మందు లేదు. వ్యాధి వచ్చాక టీకాకై పరుగెత్తడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. పిల్లలకు 5–7 రోజుల వయస్సులో లసోటా టీకాను కంటిలోగాని, ముక్కులోగాని చుక్కగా వేస్తారు. ఎనిమిదవ వారంలో ఆర్‌2బి టీకాను సూదిమందుగా ఇస్తారు. ఈ రెండవదానికి మూలమైన వైరస్‌ను ముక్తేశ్వర్ రకమంటారు. ముక్తేశ్వర్ కూడా కుమావూ ప్రాంతంలోనిదే. వ్యాధికి పేరిచ్చిన కొండలే నివారణకూ పేరిచ్చాయి.

మరి ఇంత సులభమైన టీకా పల్లెలో ఎందుకు అందరికీ అందదు? సాధారణంగా ఒక సీసా మందు వంద కోళ్ళకు సరిపోతుంది. ఒక్కొక్క ఇంట ఉండేవి ఐదో, పదో. సీసాను చల్లగా భద్రపరచాలి; కలిపిన మందును రెండు గంటలలోపే వాడాలి. అందుచేత ఒంటరి కుటుంబానికి అది భారంగా తోస్తుంది. పది ఇళ్ళవారు కలిసి ఒక రోజు నిర్ణయించుకొని, పశువైద్య సిబ్బందిని పిలిపించుకొని, తెల్లవారుజామున గంప ఎత్తకముందే టీకా వేయిస్తే ఆ భారం తీరిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న కోళ్ళకే టీకా వేయించాలి. కొత్తగా కొన్న కోడిని రెండు వారాలు వేరుగా ఉంచాలి.

తెగులు కనిపించినప్పుడు అసలు పరీక్ష ఎదురవుతుంది. చావబోయే కోడిని సంతలో వచ్చినకాడికి అమ్ముకోవాలనిపించడం పేదవానికి సహజమే. కాని ఆ కోడితోపాటు తెగులు కూడా పొరుగూరికి చేరి, మరొక పేదయింటి గంపను ఖాళీ చేస్తుంది. అందువల్ల జబ్బు కోళ్ళను వేరుచేయాలి. చనిపోయినవాటిని కాలువలో పారవేయక, లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. బర్డ్ ఫ్లూ లక్షణాలు సైతం ఇలాగే ఉంటాయి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో ఆ వ్యాధి నిర్ధారణ అయింది. కనుక కోళ్ళు మూకుమ్మడిగా చనిపోతే వెంటనే పశువైద్యునికి తెలియజేయడం తప్పనిసరి.

పెరటికోడికి ప్రహరీలు అడ్డురావు; అది ఊరంతా తిరుగుతుంది. దానిని కాపాడే పూనిక కూడా ఊరందరిదీ కావాలి.