ఇంటికొచ్చే సైనికుణ్ణి ఎలా పలకరించాలి?



ఈసారి పాఠాన్ని మా మగవారి సర్జికల్ వార్డులో జరిగిన ఒక సంగతితో మొదలుపెడుతున్నాము. సెలవు మీద ఊరికొచ్చిన ఒక జవాను మోటారు సైకిలు మీద నుంచి పడి, కాలు విరిగి మా దగ్గర చేరాడు. మిలిటరీ అని తెలియగానే పక్క మంచాలవాళ్ళు, వాళ్ళను చూడడానికి వచ్చినవాళ్ళు చుట్టూ మూగారు. "బోర్డర్‌లో ఉంటావా బాబూ? ఎంతమందిని కాల్చావు?" అని ఒక పెద్దాయన అడిగేశారు. ఆ అబ్బాయి నవ్వీ నవ్వనట్టు నవ్వి, దుప్పటి ముఖం మీదికి లాక్కుని గోడవైపు తిరిగిపోయాడు. రాత్రంతా నిద్రపోలేదని నైట్ డ్యూటీ సిస్టరు రిపోర్టులో రాసింది. అడిగినాయన మంచివారే, అభిమానంతోనే అడిగారు. మేము కూడా అక్కడే నిలబడి ఉండి, ఆపాలని తోచక ఊరుకున్నాము.

ఈ పలకరింపును ఒక పనిగా నేర్చుకున్న ఊరు ఒకటుంది. అమెరికాలో ఈశాన్య మూలన, మంచు బాగా కురిసే మెయిన్ రాష్ట్రంలోని బ్యాంగర్. అక్కడి విమానాశ్రయం ఒకప్పుడు వైమానిక దళం స్థావరం. 1968లో దాన్ని మూసివేశాక, 3 కిలోమీటర్లకు పైగా పొడవున్న రన్‌వే ఊరికి మిగిలింది. అట్లాంటిక్ సముద్రం దాటి వచ్చే విమానాలకు ఇది దారిలో పడుతుంది. అందుకని సైనికులను తెచ్చే విమానాలు ఇంధనం కోసం అక్కడ దిగేవి. 1991లో గల్ఫ్ యుద్ధం ముగిసి సైనికులు వస్తున్నప్పుడు ఊరివాళ్ళు ఎదురెళ్ళి స్వాగతం చెప్పారు. 2003లో ఇరాక్ యుద్ధం మొదలయ్యాక ఆ పని మళ్ళీ పుంజుకుంది. అప్పటి నుంచి ఏళ్ళ తరబడి, 10 లక్షల మందికి పైగా సైనికులను అక్కడ పలకరించారు. వెళ్ళేవాళ్ళనూ, తిరిగొచ్చేవాళ్ళనూ కూడా.

వారిలో చాలామంది రిటైరైన వృద్ధులు. కొందరు వియత్నాం యుద్ధంలో పనిచేసినవారు. ఆ యుద్ధం నుంచి ఇంటికొచ్చినప్పుడు తమను పట్టించుకున్నవారు లేరన్న బాధ వాళ్ళకు పోలేదు. విమానం వేళ ఫోను ద్వారా ఒకరికొకరు తెలుపుకునేవారు. అర్ధరాత్రి అయినా, తెల్లవారుజాము అయినా, బయట మంచు పేరుకున్నా బయలుదేరేవారు.

అక్కడ వాళ్ళు చేసిందేమిటో చూడండి. వరుసగా నిలబడి, దిగిన ప్రతి ఒక్కరికీ చేయి అందించి, స్వాగతం అని ఒక మాట అనేవారు. తినడానికి బిస్కట్లు పెట్టేవారు. ఇంటికి మాట్లాడుకోవడానికి ఉచితంగా సెల్‌ఫోను చేతిలో పెట్టి పక్కకు తప్పుకునేవారు. ఈ తప్పుకోవడమే మాకు బాగా నచ్చింది. నర్సింగులో మేము కొత్త పిల్లలకు నేర్పడానికి అవస్థ పడే పాఠం అదే.

అక్కడికి వచ్చిన ముగ్గురు వృద్ధుల మీద 2009లో 'ది వే వుయ్ గెట్ బై' అనే డాక్యుమెంటరీ సినిమా వచ్చింది. నిర్మాత గీతా పుల్లాపిల్లి భారతీయ సంతతి అమ్మాయి. దర్శకుడు ఆరన్ గోడెట్ ఆ ముగ్గురిలో ఒకరైన జోన్ గారి కొడుకే. మనవరాలు యుద్ధానికి వెళ్ళే రోజు జోన్ గారికీ వచ్చింది. ఇంకొకరు బిల్ నైట్. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసినవారు. అప్పటికి ఎనభై దాటాయి, ఒంటరి బతుకు, ప్రోస్టేట్ క్యాన్సరు, పైగా అప్పులు. అయినా ఫోను మోగితే లేచి వెళ్ళేవారు. అలాంటివారు మా ఓ.పి.లోనూ చాలామంది కనిపిస్తారు. బి.పి. చూపించుకుంటారు, మాత్రలు తీసుకుంటారు, ఇంకా బెంచీ మీదే కూర్చుంటారు. ఇంటికెళ్తే మాట్లాడేవారు లేరు మరి. ఒంటరితనం గుండెకూ, మనసుకూ చేటు అని వైద్యులు ఇప్పుడు గట్టిగానే చెబుతున్నారు. ఒకరికి అవసరమైన పని చేతిలో ఉన్న వృద్ధులలో దిగులు తక్కువ కనిపిస్తుందని కూడా అధ్యయనాలు చెబుతున్నాయి. పని వల్ల క్యాన్సరు తగ్గదు. కానీ తెల్లవారితే లేవడానికి ఒక కారణం ఉంటుంది.

ఇక సైనికుడి సంగతి. ప్రమాదాన్ని దగ్గరగా చూసి వచ్చినవారికి చుట్టుపక్కలవారి ఆదరణ దొరికితే, ఆ భయం మనసులో వ్రణంగా మారే అవకాశం తగ్గుతుంది. కాబట్టి మీ ఇంటికో, వీధికో ఒక జవాను వస్తే టపాకాయల జోలికి వెళ్ళకండి. డప్పులు పెట్టాలనుకుంటే ముందుగా అతన్ని అడగండి. పేలుడు చప్పుడు విని ఉలిక్కిపడి నలుగురిలో సిగ్గుపడే పరిస్థితి తేకూడదు. చంపడం గురించి, చనిపోయిన తోటివారి గురించి మీరై అడగకండి. తానై చెబితే మధ్యలో అడ్డు రాకుండా వినండి. "నీకేం బాబూ, మిలిటరీ క్యాంటీన్ ఉంది, పెన్షన్ ఉంది" అనే మాట మన ఊళ్ళలో తరచుగా వింటాము. అది మానితే మంచిది. మొదటి రెండు రోజులు చుట్టాల రాకపోకలు కాస్త తగ్గించి నిద్రపోనివ్వండి.

పీడకలలు, చిన్న చప్పుడుకే అదిరిపడడం, అయినదానికీ కానిదానికీ కోపం, మనుషులను తప్పించుకు తిరగడం, తాగుడు పెరగడం, ఇవి నెలకు మించి ఉంటే డాక్టరుకు చూపించాలి. ఇది పిరికితనం కాదు, వైద్యం ఉన్న జబ్బు. చచ్చిపోవాలని ఉందన్న మాట నోట వస్తే నెల దాకా ఆగవద్దు. ఆ రోజే తీసుకురండి, ఒంటరిగా వదలకండి. ప్రభుత్వం వారి టెలి మానస్ నంబరు 14416కు రాత్రయినా పగలయినా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. భార్యలు, తల్లులు కూడా చేయవచ్చు. ఎక్కువగా నలిగేది వాళ్ళే.

మా వార్డులో ఉన్న అబ్బాయి ఏమయ్యాడని అడుగుతారేమో. మర్నాడు పొద్దున వెళ్ళి, "టీ తాగావా బాబూ? ఎవరికైనా ఫోను చేసుకోవాలా?" అని మాత్రం అడిగాము. ఫోనులో చార్జింగు లేదన్నాడు. ఆఫీసు గదిలోని చార్జరు తెచ్చి పెట్టి, మంచం చుట్టూ తెర లాగాము. ఇంటికి చేస్తాడనుకున్నాము. తన యూనిట్‌లో స్నేహితుడికి చేసి, డ్రెస్సింగు వేళ దాకా హిందీలో మాట్లాడుతూనే ఉన్నాడు.