విడుదలకు ముందు వచ్చు ప్రతులు: గ్రంథాలయముల పద్ధతి

గ్రంథకర్త తన వ్రాతప్రతిని ముగించిన దినమునకును, ఆ గ్రంథము అంగడిలోనికి వచ్చు దినమునకును నడుమ చాల వ్యవధి యుండును. అక్షరములు కూర్చుట, ప్రూఫులు దిద్దుట, బొమ్మలు చేర్చుట, అట్టకు చిత్రము వ్రాయించుట, బైండు చేయుట మున్నగు పనులన్నియు ఆ నడిమికాలమున జరుగును. మన తెలుగు ముద్రణాలయములయందు ప్రూఫు చూచువారు సాధారణముగా ఇరువురే: ఒకరు ముద్రణాలయమువారు, రెండవవారు గ్రంథకర్త. అమెరికా, ఇంగ్లండు దేశములయందలి పెద్ద ప్రకాశకులు మాత్రము, తుది దిద్దుబాటు కాకమునుపే ఆ పాఠమును కొన్ని ప్రతులుగా అచ్చొత్తించి, పలుచని కాగితపు అట్ట వేసి, పత్రికలకును, పుస్తకవిక్రేతలకును, గ్రంథాలయములకును ఉచితముగా పంపుదురు. గ్రంథము వెలువడుటకు కొన్ని మాసములు ముందుగా ఇవి చేరుచుండును. గాలీలనియు, అడ్వాన్సు కాపీలనియు వీనికి అచట వాడుకపేర్లు. ఈ వ్యాసమునందు మనము వీనిని ముందుప్రతులని పిలిచెదము.

ముందుప్రతి పైకి పుస్తకమువలెనే యుండును. చేతబట్టి పుటలు త్రిప్పినగాని భేదము తెలియదు. ఇది దిద్దని ప్రూఫు అనియు, అమ్మకమునకు గాదనియు, దీనినుండి వాక్యములు ఉదాహరింపదలచినవారు తుదిప్రతితో సరిచూచుకొనవలెననియు అట్టమీద ముద్రించియుందురు. లోపల బొమ్మ యుండవలసినచోట ఒక్కొక్కప్పుడు ఖాళీ గడి యుండును. ఫలాని పుట చూడుడని చెప్పవలసిన తావున పుటసంఖ్యకు మారు సున్నలుండును. చివరనుండవలసిన అకారాదిసూచిక సాధారణముగా నుండదు. అది తరువాత చేర్చబడునను మాట యొక్కటియే కనబడును.

ఉచితముగా ఇట్టి ప్రతులను పంపుటవలన ప్రకాశకులకు లాభమేమని విద్యార్థు లడుగవచ్చును. ఆ దేశములయందలి పౌరగ్రంథాలయములు పేరుగల క్రొత్త పుస్తకములను అవి వెలువడిన పిమ్మట కాక, వెలువడుటకు ముందే ఆర్డరు చేయును. చదువరులును అట్లే ముందుగా తమ పేర్లు వ్రాయించుకొని వరుసలో నుందురు. విడుదలైన దినముననే పుస్తకము బీరువాలో నుండవలెనన్నచో, ఎన్ని ప్రతులు కొనవలయునో గ్రంథపాలకుడు చాల ముందుగా నిర్ణయింపవలెను. చూడని వస్తువునకు వెల కట్టుట యెట్లు? పైగా ఆ ధనము ఆయన సొంతము కాదు. పన్నులు చెల్లించు పురజనులది. పదిప్రతులు కొని యెవరును చదువకున్నను తప్పే. ఒక్కటి కొని రెండువందలమందిని వేచియుండజేసినను తప్పే. ముందుప్రతి చేతనున్నచో ఈ నిర్ణయము గ్రుడ్డిది కాకుండును. ప్రకాశకునకు ఆర్డరులు దొరకును. ఇరువురికిని ఇందు ప్రయోజనము గలదు గనుకనే ఈ యాచారము నిలిచినది.

ప్రతి గ్రంథపాలకునకును ప్రతి పుస్తకమును చదువుట సాధ్యము కాదు గనుక, చదివి చెప్పువారి యవసరము కలిగినది. ఈ సందర్భమున వర్జీనియా కిర్కసు అను నామె పేరు స్మరింపదగినది. ఆమె న్యూయార్కులో హార్పరు సోదరుల ప్రచురణసంస్థయందు బాలల గ్రంథశాఖకు అధికారిణిగా నుండెను. ఆర్థికమాంద్యపు దినములలో, 1932లో, ఆ శాఖ మూతపడెను. ఉద్యోగము పోయిన యామె మరుసటి యేట, అనగా 1933లో, ఒక నూతనవృత్తిని తానే కల్పించుకొనెను. ప్రకాశకులవద్దనుండి ప్రూఫులు తెప్పించుకొని, చదివి, ఏ పుస్తకము ఎట్టిదో పొగడ్త లేకుండ నాలుగు మాటలలో వ్రాసి, చందాదారులైన పుస్తకవిక్రేతలకు పంపుచుండెను. క్రమముగా గ్రంథాలయములును చందాదారులైనవి. ఆమె పేరుతో ఆ పత్రిక నేటికిని నడచుచున్నది. అమెరికను గ్రంథాలయసంఘమువారి 'బుక్‌లిస్టు' 1905లో ఆరంభమైనది; అంతకంటె ప్రాచీనమైన 'లైబ్రరీ జర్నలు' 1876 నాటిది. ఇవియు నేడు ముందుప్రతులను చదివియే తమ విమర్శలను ప్రకటించుచున్నవి.

2013వ సంవత్సరమున మరియొక పద్ధతి వచ్చినది. 'లైబ్రరీరీడ్సు' అను నేర్పాటు ననుసరించి, అమెరికాలోని పౌరగ్రంథాలయములలో పనిచేయువారు ముందుప్రతులను చదివి, తమకు నచ్చినవానికి ఓట్లు వేయుదురు. ప్రతిమాసమును పది పుస్తకముల పట్టిక వెలువడును. పెద్ద గ్రంథాలయాధికారి యోటును, ఎరువు పుస్తకములు తిరిగి తీసికొను చిన్న యుద్యోగి యోటును ఇందు సమానమే. చదువరులతో నిత్యము మాటలాడువాడు ఆ రెండవవాడే గదా!

ముందుప్రతులు గ్రంథాలయములకు చేరు మార్గములు కొన్ని కలవు. ప్రకాశకులు తపాలలో పంపుట యొకటి. గ్రంథాలయసంఘముల మహాసభలలో ప్రకాశకుల బల్లలపై వీనిని గుట్టలుగా పేర్చి పంచిపెట్టుట మరియొకటి. సభకు పోయినవారు బరువైన సంచులతో తిరిగివత్తురు. 2008లో ఆరంభమైన 'నెట్‌గాలీ' వంటి సంస్థలు వచ్చిన పిదప, కాగితము లేకుండ కంప్యూటరు మీదనే చదువుకొను ముందుప్రతులు మిక్కుటమైనవి. వీనిలో పెక్కింటికి గడువుండును. గడువు తీరిన వెనుక అవి తెరచుకొనవు. అట్టివానిని ఏమి చేయవలెనను ప్రశ్నయే పుట్టదు. చిక్కంతయు కాగితపు ప్రతులతోనే.

ఆ చిక్కు ఇది. గ్రంథాలయమునకు ఒక పుస్తకము ఉచితముగా వచ్చినది. అది చదువుటకు పనికివచ్చును. దానిపై ముద్ర వేసి, సంఖ్య వ్రాసి, గ్రంథసూచిలో చేర్చి, బీరువాలో నుంచరాదా? ఉంచరాదనియే గ్రంథాలయములయందు సాధారణముగా నంగీకరించిన మర్యాద. కారణములు పైకి చిన్నవిగా దోచినను, వానిలో గ్రంథాలయధర్మమే యిమిడియున్నది.

మొదటిది పాఠమునకు సంబంధించినది. దిద్దని ప్రతిలో అచ్చుతప్పులుండుట సహజము. 'హారీ పాటరు' గ్రంథములలో మొదటిదానికి 1997లో ఇంగ్లండున తయారైన ప్రూఫు ప్రతిలో, ముఖపత్రముమీద గ్రంథకర్త్రి పేరే తప్పుగా పడినది: జె. కె. రౌలింగు అని యుండవలసినచోట జె. ఎ. రౌలింగు అని యున్నది. ఇట్టి తప్పులు నవ్వుకొని విడువదగినవి. అంతకు మించిన మార్పులును గలవు. కీరా డ్రేకు అను నామె వ్రాసిన 'ది కాంటినెంటు' అను నవల 2017 జనవరిలో వెలువడవలసియుండెను. ముందుప్రతులను చదివినవారు, అందు కొన్ని జాతుల ప్రజలను వర్ణించిన రీతి అవమానకరముగా నున్నదని తీవ్రముగా నాక్షేపించిరి. ప్రకాశకులు విడుదలను ఆపిరి. గ్రంథకర్త్రి నవలను చాలభాగము తిరిగి వ్రాసెను. 2018 మార్చిలో అది వెలువడినది. ఆ ముందుప్రతి యేదైన నొక బీరువాలో చేరియున్నదనుకొనుడు. దానిని ఎరువు తీసికొన్న చదువరి, గ్రంథకర్త్రి స్వయముగా తొలగించిన మాటలను ఆమె తుదిమాటలని నమ్మును. ఆమెకును అన్యాయము, అతనికిని మోసము. చరిత్ర, వైద్యము, శాస్త్రము మున్నగు విషయముల గ్రంథములయందు ఈ యపాయము మరింత హెచ్చు. ఒక మందు మోతాదులో ఒక సున్న యెక్కువైన చాలును.

ఈ సందర్భమున మన దేశపు చట్టమొకటి పోల్చిచూడదగియున్నది. 1954లో చేసిన పుస్తక సమర్పణచట్టము ననుసరించి, భారతదేశమున గ్రంథము ప్రకటించు ప్రతివారును ప్రకటనదినమునుండి ముప్పదిదినములలో ఒక్కొక్క ప్రతిని తమ ఖర్చుతో కలకత్తా జాతీయగ్రంథాలయమునకును, మదరాసు కన్నెమరా గ్రంథాలయము మొదలైన మరి మూడింటికిని పంపవలెను. తెలుగు ప్రకాశకులును దీనికి బద్ధులే. జాతీయగ్రంథాలయమునకు పంపు ప్రతి పటములతోను చిత్రములతోను సంపూర్ణమై, మంచి కాగితముపై ముద్రింపబడి, కుట్టబడి యుండవలెనని ఆ చట్టము విధించుచున్నది. అది ముగిసిన గ్రంథమును భద్రపరచు విధి; ముందుప్రతి ముగియని గ్రంథమును పరీక్షించు సాధనము. రెండును ఉచితముగా వచ్చునవే యైనను, ఒకదానికి జరుగు మర్యాద రెండవదానికి జరుగరాదు.

రెండవ కారణము కుట్టుబడి. ముందుప్రతులను పలుచని అట్టతో, కొద్ది చేతులు మారుటకు తగినట్లుగా మాత్రమే తయారుచేయుదురు. ఎరువులకు తిరుగు పుస్తకము పడు పాట్లకు అవి ఓర్వవు. మూడవది గ్రంథకర్త జీవనము: అమ్మిన ప్రతికి రాయల్టీ వచ్చును, ముందుప్రతికి రాదు. గ్రంథాలయము కొనవలసిన పుస్తకమునకు బదులు ముందుప్రతిని నిలిపినచో, ఆ మేరకు కర్త కూలి పోవును.

"అమ్మకమునకు గాదు" అని ముద్రించిన మాటకు చట్టబలమెంత? ఇందుకు సంబంధించిన రెండు తీర్పులు చెప్పదగియున్నవి. 1908లో అమెరికా సుప్రీముకోర్టుయెదుట ఒక వ్యాజ్యము వచ్చినది. బాబ్స్-మెరిలు అను ప్రకాశకులు 'ది కాస్ట్‌అవే' అను నవలలో, దీనిని ఒక డాలరునకు తక్కువకు అమ్మరాదని ముద్రించిరి. న్యూయార్కులోని మేసీ అంగడివారు దానిని ఎనుబదితొమ్మిది సెంట్లకు అమ్మిరి. ఒకమారు అమ్మిన పుస్తకముపై, తరువాతి వెలను శాసించు నధికారము కాపీరైటువలన ప్రకాశకునకు లేదని న్యాయమూర్తులు తీర్చిరి. నూరేండ్లు గడచిన పిదప, 2011లో, అక్కడి తొమ్మిదవ సర్క్యూటు అప్పీలు న్యాయస్థానమునకు సంగీతపు సీడీల తగవు వచ్చినది. ఒక కంపెనీ ప్రచారమునకై ఉచితముగా పంపిన సీడీలపై, ఇవి తమ సొత్తే యనియు, అమ్మరాదనియు ముద్రించెను. అవి ఒకని చేతికి చేరగా అతడు అమ్మెను. అడుగకయే పంపి, తిరిగి యిమ్మని కోరని వస్తువు పుచ్చుకొన్నవారి సొత్తే యగునని ఆ తీర్పు. అది పుస్తకములను గూర్చినది కాదు. ఐనను ముందుప్రతికి దాని పోలిక స్పష్టము. కావున అట్టమీది మాట గ్రంథాలయమును బంధించునది చట్టముచేత కంటె నమ్మికచేతనే యని చెప్పవలెను. నా యభిప్రాయమున ఆ బంధమే గట్టిది. మాట తప్పిన గ్రంథాలయమునకు మరుసటి యేడు పెట్టెలు రావు. వచ్చినను, చదివి న్యాయముగా చెప్పుదురను గౌరవముతో రావు.

దీనికి ఒక యాక్షేపము గలదు, అది తీసివేయదగినది కాదు. ధనము చాలని పల్లెగ్రంథాలయమున్నది. క్రొత్త పుస్తకము కొన శక్తి లేదు. ఉచితముగా వచ్చిన ప్రతిని పిల్లలకు ఇయ్యక మూలబెట్టుట ధర్మమా? నిజమే, ఆకలిగొన్నవానియెదుట మర్యాదలు చెప్పుట సులభము. ఐనను ఇచ్చుటకును, గ్రంథసూచిలో చేర్చుటకును భేదమున్నది. ముందుప్రతిని ఒక బాలునికి, ఇది ముగియని పుస్తకమని చెప్పి, ఉంచుకొమ్మని యిచ్చినచో ఎవరికిని మోసము లేదు. గ్రంథాలయపు ముద్ర వేసి బీరువాలో పెట్టినచో, ఇది గ్రంథకర్త వ్రాసిన గ్రంథమని గ్రంథాలయము పూచీ పడినట్లగును. అట్టి పూచీ పేదచదువరికి ఒకరీతిగా, ధనికచదువరికి వేరొకరీతిగా నుండరాదు. పేదబాలునికి దిద్దని పుస్తకము చాలునను తలంపు నాకు రుచింపదు.

పిల్లలమాట వచ్చినది గనుక, ఈ ప్రతుల యుపయోగములలో నాకు మిక్కిలి నచ్చినదానిని చెప్పెదను. అమెరికాలోని కొన్ని పౌరగ్రంథాలయములయందును, పాఠశాలలయందును, ఉన్నతపాఠశాల వయస్సుగల బాలబాలికల పఠనసంఘములకు ముందుప్రతుల నిత్తురు. వారు చదివి, బాగుగా నున్నదో లేదో, ఏల లేదో వ్రాసి యిత్తురు. ఆ యభిప్రాయములు ప్రకాశకులకు చేరును. పదునైదేండ్ల బాలిక "ఈ కథలోని తల్లి మాటలు తల్లి మాటలవలె లేవు" అని వ్రాయగా, పెద్దలు దానిని శ్రద్ధతో చదువుదురు. మన పాఠశాలలలో పుస్తకము చదివి పరీక్షలో ఒప్పగించుటయే గాని, దానిని తూచి చెప్పు నధికారము విద్యార్థికి ఎన్నడు దొరకును?

తక్కిన యుపయోగములు సామాన్యములు. ఉద్యోగులు ఇంటికి గొనిపోయి చదువుదురు. వేసవిపఠన పోటీలలో గెలిచిన పిల్లలకు బహుమానముగా నిచ్చుటయు గలదు. గ్రంథాలయమునకు ధనము కూర్చుటకై మిత్రసంఘములవారు పాతపుస్తకములు అమ్ముచుందురు. ఆ బల్లమీద ముందుప్రతులు కనబడరాదని జాగ్రత్తగల గ్రంథపాలకులు ముందే ఏరివేయుదురు. ఏ యుద్యోగియైనను వీనిని అమ్ముకొనుట నీచమని చెప్పనక్కరలేదు.

విడుదలదినము గడచిన పిదప, అచ్చైన పుస్తకము బీరువాలోనికి వచ్చును. ముందుప్రతి పని తీరును. చదువువారు లేనిచో అట్ట చించి పాతకాగితములలో వేయుదురు. పుస్తకమును పారవేయుట మనకు కష్టముగా దోచును. కాలు తగిలినను కన్నుల కద్దుకొను వారము గదా. ఐనను గ్రంథపాలకునకు స్థలము పరిమితము.

పరిశోధనమునకై యున్న పెద్ద గ్రంథాలయములు మాత్రము కొన్నింటిని ఏరి, వేరుగా, ఎరువియ్యక భద్రపరచును. ఒక గ్రంథకర్త ప్రూఫులో నేమి యుంచెను, తుదికి నేమి తీసివేసెను అను విషయము పండితులకు కావలెను. మన పండితులు తాటాకు ప్రతులను దగ్గరబెట్టుకొని పాఠభేదములు గుర్తించుటవంటిదే యిది. పౌరగ్రంథాలయమున దోషమైన భేదమే ఆ గదిలో ధనమగును. కావుననే అచట దానిని చూడగోరువారికి, ఇది ఏ దశకు చెందిన ప్రతియో సూచికలో స్పష్టముగా వ్రాసి, బల్లయొద్ద కూర్చుండబెట్టి చూపుదురు. ఇంటికి మాత్రము ఇయ్యరు.