క్రెడిట్లు నీవే, కాగితాలూ నీ దగ్గరే ఉండాలి

న్యూఢిల్లీ

చిరంజీవి అమ్మడికి,


నీ ఉత్తరం అందింది. అన్నయ్యకు నోయిడాలో ఉద్యోగం ఖాయమైందనీ, అమ్మతోపాటు నువ్వూ వచ్చేస్తున్నావనీ తెలిసి సంతోషించాను. "అరకులో రెండేళ్లు చదివిన బి.ఏ. ఏమైపోతుంది? మళ్లీ మొదటి సంవత్సరం నుంచి చదవాలా?" అని అడిగావు. చదవక్కర్లేదు. అయితే ఆ రెండేళ్లు ఇక్కడ లెక్కకు రావాలంటే కాలేజీ వదలకముందే నువ్వు చేసుకోవలసిన పనులున్నాయి. ఇక్కడ ఒక విశ్వవిద్యాలయం అకడమిక్ సెక్షన్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి కనుక వివరంగా రాస్తున్నాను.

ముందు క్రెడిట్ అంటే ఏమిటో తెలుసుకో. 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ చట్రం ప్రకారం ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. ఏడాదికి 40 క్రెడిట్లు, అంటే 1200 గంటలు. తరగతిలో కూర్చున్న సమయమే కాదు, ప్రాక్టికల్స్, ఇంటి దగ్గర చదివినది, పరీక్షలు రాసినది అన్నీ అందులోకే వస్తాయి. ఆ లెక్కన నువ్వు రెండేళ్లలో 2400 గంటలు చదివావు. అవి అరకులో గడిచినా ఢిల్లీ నార్త్ క్యాంపస్‌లో గడిచినా వాటి విలువ ఒకటే.

ఈ క్రెడిట్లను దాచే ఖాతాను 'అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్' అంటారు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) దీని నిబంధనలను 2021 జూలైలో ప్రకటించింది. డిజిలాకర్ ద్వారా ఖాతా తెరుచుకోవచ్చు. నీకు అపార్ అనే 12 అంకెల విద్యార్థి గుర్తింపు నంబరు ఉంటుంది. క్రెడిట్లను నువ్వు స్వయంగా అందులో వేయలేవు. నువ్వు చదివిన సంస్థే వేయాలి. అందుకే ఈ వారమే ఖాతా తెరిచి నాలుగు సెమిస్టర్లూ కనిపిస్తున్నాయో లేదో చూడు. కనిపించకపోతే ప్రిన్సిపాల్‌గారికి రాతపూర్వకంగా అర్జీ పెట్టి, రసీదు తీసుకో. ఖాతాలో చేరిన క్రెడిట్లు గరిష్ఠంగా ఏడేళ్లు చెల్లుతాయి. ఒక డిగ్రీకి వాడుకున్నవాటిని మరో డిగ్రీకి వాడుకోలేవు.

పేరు దగ్గర జాగ్రత్త. మార్కుల మెమోలో 'పి.' అని పొడి అక్షరం, ఆధార్‌లో 'పాంగి' అని పూర్తి ఇంటిపేరు ఉంటే ఆన్‌లైన్‌లో రెండూ కలవవు. మన ఏజెన్సీ పిల్లలు చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. ఆ సవరణ అక్కడుండగా తేలిక. ఢిల్లీ నుంచి చేయించుకోవడం చాలా కష్టం.

ఇక అసలు సంగతి. ఖాతాలో అంకె ఉన్నంత మాత్రాన పేపరు చెల్లినట్టు కాదు. కొత్త విశ్వవిద్యాలయం నీ సిలబస్‌నూ తమ సిలబస్‌నూ పక్కపక్కన పెట్టి యూనిట్ యూనిట్‌గా పోల్చి చూస్తుంది. 'భారత ఆర్థిక వ్యవస్థ' అన్న పేరు రెండుచోట్లా ఉండవచ్చు. ఒకచోట పంచవర్ష ప్రణాళికల దగ్గర ఆగితే, మరోచోట బ్యాంకింగ్, విదేశీ వాణిజ్యం దాకా సాగుతుంది. మన్యం నుంచి వచ్చిన ఒక అబ్బాయి మంచి గ్రేడ్లున్న మెమోలు తెచ్చాడు గానీ సిలబస్ తేలేదు. అది తెప్పించుకునేలోపు గడువు దాటిపోయింది. చదివిన పేపర్లనే మళ్లీ రాశాడు. నీకు ఆ గతి పట్టకూడదు. ప్రతి పేపరు సిలబస్ ప్రతిపైనా కాలేజీ ముద్ర వేయించు. కోర్సు కోడు, క్రెడిట్లు, గ్రేడు స్పష్టంగా కనిపించేలా మెమోలు స్కాన్ చేయించు.

ఇప్పుడు లెక్క చూద్దాం. డిగ్రీ ఇచ్చే సంస్థలోనే కనీసం సగం క్రెడిట్లు సంపాదించాలన్నది నిబంధన. యూజీసీ 2022 డిసెంబరు చట్రంలో మూడేళ్ల డిగ్రీకి 120, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160 క్రెడిట్లు. నీ చేతిలో 80 ఉన్నాయనుకో. మూడేళ్ల డిగ్రీలో 60కి మించి చెల్లవు, 20 వృథా. నాలుగేళ్ల ఆనర్స్‌లోనైతే పేపర్లు సరిపోలితే 80కి 80 చెల్లుతాయి. విశ్వవిద్యాలయాన్ని బట్టి మొత్తం మారుతుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఆనర్స్‌కు 176. ఎక్కడికెళ్లినా ముందు ఆ సగం ఎంతో లెక్కేసుకో.

సీటు వేరు, క్రెడిట్ వేరని కూడా మరిచిపోకు. ఢిల్లీ విశ్వవిద్యాలయం 2022 నుంచి రెగ్యులర్ డిగ్రీ మొదటి సంవత్సరంలో సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశపరీక్ష ద్వారా చేర్చుకుంటోంది. మధ్యలో చేరాలంటే ఆ సంస్థ నిబంధన ఉండాలి, ఖాళీ ఉండాలి. సీటు ఖాయమయ్యాకే టీసీ, మైగ్రేషన్ సర్టిఫికెట్ తీసుకో. మైదాన్‌గఢీలోని ఇగ్నోను కూడా విచారించు. 1985లో పుట్టిన ఆ విశ్వవిద్యాలయం మొదటి నుంచీ 30 గంటల క్రెడిట్ పద్ధతినే పాటిస్తోంది, బయటి క్రెడిట్లు తీసుకునే ఏర్పాటూ ఉంది.

నీ ఎస్టీ ధ్రువపత్రం మూలప్రతి భద్రంగా తెచ్చుకో. ఢిల్లీలో షెడ్యూల్డు తెగలుగా గుర్తించినవి లేవు. అయినా మన రాష్ట్రంలో ఇచ్చినది కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో 7.5 శాతం రిజర్వేషన్‌కు పనికొస్తుంది.

నిజానికి ఇంత శ్రమ విద్యార్థి మీద పడకుండా చూసే పద్ధతీ ఉంది. అమెరికాలో నవాహో తెగవారు 1968లో సొంత కాలేజీ పెట్టుకున్నారు. ఇప్పుడది డినే కాలేజీ. అది ఉన్న అరిజోనాలో ఉమ్మడి పాఠ్యభాగం ఒకటుంది. కాలేజీలో దాన్ని పూర్తిచేస్తే ఆ రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు మొత్తంగా ఒప్పుకుంటాయి. పిల్ల ఒక్కతే కాగితాల కట్ట పట్టుకుని తిరగనక్కర్లేదు. అరకు, పాడేరు, ఉట్నూరు కాలేజీలకూ అలాంటి ముందస్తు ఒప్పందాలు కావాలి. ఆ భారం పద్దెనిమిదేళ్ల పిల్లల మీద వేయడం న్యాయం కాదు.

నా సలహా ఇది. ఒక్క ఏడాది ఆగగలిగితే హాస్టల్లో ఉండి అక్కడే మూడేళ్ల డిగ్రీ పూర్తిచెయ్యి. పీజీ ప్రవేశపరీక్ష రాసి ఇక్కడికి రా. ఆగలేకపోతే నాలుగేళ్ల ఆనర్స్ ఉన్నచోటు చూసుకో. ఏ పేపరు కాదన్నా కారణం రాతలో ఇమ్మను. "ఏజెన్సీ కాలేజీ కదా" అని ఎవరైనా చిన్నచూపు చూస్తే తల దించకు. సిలబస్ తీసి వాళ్ల ముందు పెట్టి, ఏ యూనిట్ తక్కువైందో చూపించమని అడుగు.

ఇట్లు,
మీ బాబాయి