కర్రీ పాయింట్‌కి ఏ కాగితాలు కావాలి?

ప్రశ్న: హైదరాబాద్ సంతోష్‌నగర్‌లో మా ఇంటి ముందు గదిలో కర్రీ పాయింట్ పెడుతున్నాను. చిన్న వ్యాపారాలకిచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్ ఉంటే చాలని ఏజెంట్ రెండు వేలు అడుగుతున్నాడు. ఇవ్వొచ్చా?

జవాబు: ఇవ్వకండమ్మా. ఉద్యమ్ నమోదు పూర్తిగా ఉచితం. ఆధార్‌తో ఫోన్లోనే మీరే చేసుకోవచ్చు. పైగా అది లైసెన్సు కాదు. బ్యాంకు అప్పుకు పనికొస్తుంది గానీ, కూరలు అమ్మే అనుమతి ఇవ్వదు. మీకు ముందు కావలసింది ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు. చిన్న వ్యాపారాలకు ఏడాదికి 100 రూపాయలే. 14 అంకెల నంబరున్న ఆ నమోదు కాగితం కొట్లో అందరికీ కనబడాలి. తర్వాత నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీ ఇచ్చే ట్రేడ్ లైసెన్సు. ఫీజు గది చదరపు అడుగులను, ముందున్న రోడ్డు వెడల్పును బట్టి ఉంటుంది. నవంబరులో తీసుకున్నా గడువు డిసెంబరు 31తోనే అయిపోతుంది. ఈ సంగతి ఏజెంట్లు చెప్పరు!