గుండెజబ్బు మరణములు: ఏమి చేసిన పెరుగును, ఏమి చేసిన తగ్గును

గతనెల సంచికయందు వేరుసెనగ పైరునకు తగులు తిక్కాకు తెగులును గూర్చి వ్రాసియుంటిమి. ఈ నెల పైరు తెగులును విడిచి, పైరు పెట్టు మనుష్యుని గుండెకు వచ్చు జబ్బును గూర్చి వ్రాయదలచితిమి. ఎరువులను గూర్చియు విత్తనములను గూర్చియు చెప్పవలసినవారికి గుండెజబ్బుతో నేమి పని యని సభ్యులు కొందరడుగవచ్చును. అందుకు కారణమును ముందుగా చెప్పెదము.

రెండేండ్ల క్రిందట సెనక్కాయలు పెరుకు దినములలో, బత్తలపల్లికి దగ్గర నున్న యొక గ్రామమున, మన సభ్యులలో నొకరు ప్రొద్దు క్రుంకిన పిమ్మట గిడ్డంగి యరుగుమీద కూర్చుండి, రొమ్ముమీద మూట పెట్టినట్లున్నదనియు, ఎడమచేయి లాగుచున్నదనియు చెప్పిరి. చొక్కా చెమటతో తడిసిపోయెను. ఆయన వయస్సు నలువదియెనిమిది. బీడీ తప్ప వేరొక దురభ్యాసము లేదు. "ఏం లేదు సారూ, గ్యాసు పట్టినట్టుంది" అని యాయనయే యనిరి. మేమును అట్లే తలచి సోడాకాయ తెప్పించి త్రాగించి యింటికి పంపితిమి. తెల్లవారుజామున నొప్పి హెచ్చగా ఆటోలో ఆసుపత్రికి కొనిపోయిరి. అప్పటికి తొమ్మిది గంటలు గడచిపోయినవి. నాలవ దినమున ఆయన చనిపోయిరి. సోడాకాయ తెప్పించినవారము మేమే గనుక, ఈ జబ్బును గూర్చి తెలిసికొని నలుగురికి చెప్పవలసిన ఋణము మాకు మిగిలినది.

గుండె కండతో నైన యొక పంపు. అది ఒడలంతటికి రక్తమును తోడిపోయుచున్నను, తనకు కావలసిన రక్తమును మాత్రము తనమీద ప్రాకియున్న సన్నని నాళముల ద్వారా పొందవలసియున్నది. ఏండ్ల తరబడి ఆ నాళముల గోడలలో కొవ్వు చేరుచుండును. కాలువలో పూడిక పడినట్లని చెప్పుట వాడుక. ఆ పోలిక సగమే సరియైనది. పూడిక మెల్లగా పెరిగి నీటిని నిలుపును. ఇక్కడనో, చేరిన కొవ్వు మీది పొర యొకనాడు హఠాత్తుగా చిట్లును. చిట్లినచోట రక్తము గడ్డకట్టి నాళమును కొద్ది నిమిషములలో మూసివేయును. అందుచేతనే నిన్నటిదాక గుంటక తోలినవాడు నేడు కూలిపోవుచున్నాడు. నాళము మూసికొన్నను దానిక్రింది కండ ఒక్కసారిగా చావదు. గంటగంటకు కొంత కొంతగా చచ్చును. నీరందని మడి ముందు వాడి, పిదప ఎండును గదా. వాడినదానికి నీరు పెట్టిన లేచును, ఎండినది లేవదు.

ఇది పట్టణములలోని ధనికుల జబ్బనియు, ఎండలో కష్టపడువారికి రాదనియు మన పల్లెలలో గట్టి నమ్మకము కలదు. ఆ నమ్మకమును పరీక్షించినవారున్నారు. 2003 అక్టోబరు మొదలు 2004 సెప్టెంబరు వరకు ఉభయ గోదావరి జిల్లాలలో 45 గ్రామములయందు, 1,80,162 మంది జనులలో జరిగిన మరణములను గూర్చి ఇంటింట విచారించి, బంధువులు చెప్పిన లక్షణములను వైద్యులచే పరిశీలింపజేసి కారణములు నిర్ణయించిరి. మొత్తము 1,354 మరణములు. వానిలో నూటికి 32 గుండెకును రక్తనాళములకును సంబంధించినవి. గుండెపోటును పక్షవాతమును ఇంచుమించు సరిసమానముగా నుండెను. ప్రమాదములు, విషము త్రాగుట మొదలగువాని వలన పోయినవారు నూటికి 13. మనము మిక్కిలి భయపడు అంటువ్యాధుల వంతు నూటికి 12 మాత్రమే. అదే ప్రాంతమున 30 ఏండ్లు దాటినవారిని పరీక్షింపగా నూటికి 13 మందికి మధుమేహముండెను. వారిలో సగముమందికి అది తమకున్నట్లే తెలియదు.

వారు కాలువక్రింది మాగాణివారు, మనము మెట్టవారము అని కొందరనవచ్చును. నిజమే. అయినను మన కంచములోను సంకటిముద్ద చిన్నదై తెల్లబియ్యము పెరిగినది. గానుగనూనెపోయి ప్యాకెట్టునూనె వచ్చినది. సాయంకాలపు బజ్జీలు లేని బస్సుస్టాండు లేదు. నడచి పోవు చేనికి మోటారు సైకిలుమీద పోవుచున్నాము. మా మట్టుకు మేమును అట్లే పోవుచున్నాము.

ఇక ముఖ్యమైన ప్రశ్న. ఈ మరణములు తగ్గిన దేశములు కలవు. అచ్చట తగ్గించినది వైద్యమా, లేక అలవాట్ల మార్పా? ఒక యేడు ఎకరాకు దిగుబడి హెచ్చినచో విత్తనాలవాడు నా విత్తనమనును, ఎరువుల దుకాణమువాడు నా ఎరువనును, బోరు వేసినవాడు నా నీరనును. ఎవరి వంతెంతో తేల్చుట సులభము కాదు. అమెరికాలో కొందరు పండితులు ఈ లెక్కను కట్టి 2007లో ప్రకటించిరి. 1980లో ఆ దేశమున లక్షమంది పురుషులలో ఇంచుమించు 543 మంది గుండెనాళముల జబ్బుచే ఏటేట చనిపోవుచుండిరి. 2000 నాటికి ఆ సంఖ్య 267 అయ్యెను. పాత రేటే సాగియుండినచో 2000వ సంవత్సరములో ఎందరు చనిపోయియుందురో లెక్కించి, చనిపోయినవారిని అందులోనుండి తీసివేయగా 3,41,745 మంది బ్రతికినట్లు తేలినది. ఈ తగ్గుదలలో నూటికి 47 వంతులు వైద్యము వలననైనవి. 44 వంతులు కొలెస్ట్రాలను కొవ్వు, రక్తపుపోటు, పొగత్రాగుట తగ్గుటవలనను, ఒడలి కదలిక కొంత హెచ్చుటవలనను అయినవి. స్థూలకాయమును మధుమేహమును పెరిగి యా లాభములో కొంత తినివేసినవి.

ఆ వైద్యపు 47 వంతులలో మేమాశ్చర్యపడినదొకటి కలదు. గుండెజబ్బనగానే మనకు ఆపరేషను, స్టెంటు జ్ఞప్తికి వచ్చును. పొలము తాకట్టు పెట్టుట జ్ఞప్తికి వచ్చును. కాని దీర్ఘకాలపు గుండెనొప్పికి చేయు అట్టి చికిత్సల వంతు నూటికి 5 మాత్రమే. మిగిలినది చాలవరకు పోటు వచ్చిన తొలిగంటలలోని చికిత్సయు, పిదప దినదినమును మ్రింగు మాత్రలును. 1988లో వెలువడిన యొక గొప్ప పరీక్షలో, గుండెపోటు వచ్చిన 17,187 మందిలో కొందరికి ఆస్పిరిన్ మాత్రమే నెలదినములిచ్చి చూడగా మరణములు నూటికి 23 వంతులు తగ్గినవి. రక్తపుగడ్డను కరగించు మందును గూడ కలిపి యిచ్చినవారిలో 42 వంతులు తగ్గినవి. ఆస్పిరిన్ ఖరీదు మనకు తెలిసినదే. కొవ్వును తగ్గించు స్టాటిన్ మందుల కథ రైతులకు మరింత దగ్గరిది. జపాను దేశమున రైతుకుటుంబములో పుట్టిన అకిరా ఎండోగారు వేలకొలది బూజులను పరీక్షించి, తుదకు క్యోటో నగరపు ధాన్యపుకొట్టులోని బియ్యమునకు పట్టిన బూజునుండి 1973లో మొదటి స్టాటినును కనుగొనిరి. మనము దులిపి పారవేయు బూజే!

మందు లేకుండగనే మేలు కలుగునా యనువారికి ఫిన్లండు దేశపు ఉత్తర కరేలియా సాక్ష్యము. అది వెన్నయు పాలును పుష్కలముగా తిను పాడిరైతుల సీమ. నడివయస్సు పురుషులు గుండెపోటుతో రాలిపోవుచుండిరి. 1972లో పెక్కా పుస్కాగారు మొదలైనవారు ఊరూరను పూనుకొని వెన్న, ఉప్పు, పొగాకు తగ్గింపజేసిరి. వెన్న గిరాకి పోయిన పాడిరైతులు పండ్లతోటలవైపు మరలునట్లు సాయము చేసిరి. నాలుగు దశాబ్దములలో పనిచేయు వయస్సు పురుషులలో ఈ మరణములు నూటికి 80 వంతులకు పైగా తగ్గినవి. వ్యతిరేకమైన సాక్ష్యము చీనా రాజధాని బీజింగు. 1984కును 1999కిని నడుమ అచ్చట వైద్యము మెరుగుపడినను, పురుషులలో ఈ మరణములు సగమునకు సగము పెరిగినవి. తిండి మారి రక్తములో కొవ్వు హెచ్చుటయే అందులో ముప్పాతికకు కారణము. గట్టు తెగనిచ్చి, ఎన్ని చేదలతో నీరు తోడిపోసినను లాభమేమి?

మన దేశపు సంగతి వేరొక విధముగా దుఃఖకరము. మన ప్రాంతపు దేశములవారికి మొదటి గుండెపోటు తక్కినవారికన్న అయిదారేండ్లు ముందుగా వచ్చుచున్నది. 2014లో వెలువడిన పదునేడు దేశముల పరిశీలనలో, మనవంటి పేద దేశములవారికి ఈ జబ్బు తెచ్చు దోషములు ధనిక దేశములవారికన్న తక్కువగానే యుండెను. చావులు మాత్రము ఎక్కువగా నుండెను. జబ్బు వచ్చి తేరుకొన్న పేద దేశములవారిలో నూటికి 80 మంది ఏ మందును తీసికొనుట లేదని అదే పరిశీలకులు 2011లో తెలిపియుండిరి. మన దేశపు ఆసుపత్రులలో చేరిన 20,468 మంది గుండెరోగుల లెక్క 2008లో ప్రకటితమైనది. వారు ఆసుపత్రి చేరుటకు పట్టిన కాలము మధ్యరాశిన ఆరు గంటలు. నెల లోపల పేదలలో నూటికి 8 మందికి పైగా చనిపోగా, ధనికులలో అయిదారుగురు చనిపోయిరి. ఇరువురికి అందిన చికిత్సలోని తేడాను లెక్కలోనికి తీసికొనగా ఆ భేదము మాసిపోయినది. పేదవాని గుండె వేరు విధమైనది కాదన్నమాట. అతనికందిన మందు వేరు.

మనకు ఆసుపత్రులు లేవని చెప్ప వీలులేదు. ఫెర్రరుగారు స్థాపించిన సంస్థ ఆసుపత్రి బత్తలపల్లిలోనే యున్నది. పుట్టపర్తిలో 1991 నవంబరు 22న తెరచిన పెద్ద ఆసుపత్రిలో ఉచితముగా గుండె ఆపరేషనులు చేయుట మీరెరిగినదే. మన సభ్యుని విషయములో లోపించినది ఆసుపత్రి కాదు, ఆ తొమ్మిది గంటలు. రొమ్ములో బరువు, నొప్పి చేతికి గాని దవడకు గాని ప్రాకుట, చెమట, ఆయాసము; ఇవి పావుగంట నిలిచినచో గ్యాసని తలపక వెంటనే 108కి ఫోను చేసి, ఇ.సి.జి. తీయు చోటికి పోవలెను. స్త్రీలకును మధుమేహులకును నొప్పి లేకయే ఆయాసమును నీరసమును మాత్రమే కనబడవచ్చును.

ఉప్పు దినమునకు ఒక చెంచాడు, అనగా అయిదు గ్రాములు, మించరాదు. చెమటలో ఉప్పు పోవుచున్నది గనుక ఊరగాయ కావలెనని మాతో వాదించువారు కలరు. వారి రక్తపుపోటును కొలిచిన పిదప వాదింతము. ముప్పది దాటినవారు ఏటికొకసారి కొలిపించుకొనవలెను. ప్రాథమికారోగ్య కేంద్రమున కొలుచుటయు మాత్రలును ఉచితము. తల తిరుగుట తగ్గినదని మాత్ర మానువారే మన పల్లెలలో ఎక్కువ. మాత్ర వేసికొనుచున్నందుననే పోటు అదుపులో నున్నది. మానిన మరల లేచును. ఆస్పిరిన్ మాత్రము వైద్యుడు చెప్పనిదే దినదినము మ్రింగరాదు, కడుపులో రక్తము స్రవించును.

రాబోవు సర్వసభ్య సమావేశమున మేమొక ప్రతిపాదన తేనున్నాము. రక్తపుపోటు కొలుచు యంత్రము నొకదానిని సంఘపు ఖర్చున కొని గిడ్డంగిలో నుంచవలెననియు, అప్పు వాయిదాలకును ఎరువులకును వచ్చు ప్రతి సభ్యునికి తూకపు వేళ కొలిచి పాసుపుస్తకము వెనుక వ్రాయవలెననియు కోరుచున్నాము. ఆశా కార్యకర్త నేర్పుటకు ఒప్పుకొన్నది. గిడ్డంగి తలుపుమీద 108 అను అంకెలను రంగుతో మేమే వ్రాసితిమి. ఆ సోడాకాయ త్రాగించిన యరుగునకు ఎదురుగానే.