తల నెరసినను నేర్చుకొనవచ్చును

చదువవలసిన భాగము: అపొస్తలుల కార్యములు 18:24–28



“ఈ వయస్సులో నాకు చదువెందుకయ్యా?” అని మన సంఘములలోని పెద్దలు అనుట తరచుగా వినుచున్నాము. తెలియని కాగితముమీద వేలిముద్ర వేసి పొలము పోగొట్టుకొనిన వారిని మనమెరుగుదుము. ఆరాధనలో పాటల పుస్తకము తెరచి, ప్రక్కవారి పెదవులు చూచి పాడువారును మనలో నున్నారు. వారికి అడ్డమైనది వయస్సా, సిగ్గా? ఈ పాఠములో ఆలోచింతము.

1. అపొల్లో నేర్చుకొనెను

అపొల్లో విద్వాంసుడు, లేఖనములు బాగుగా ఎరిగినవాడు. అయినను అతనికి తెలిసిన బాప్తిస్మము యోహానుది మాత్రమే. ప్రిస్కిల్ల, అకుల డేరాలు కుట్టి బ్రదుకువారు. అతని బోధలోని కొరతను వారు కనిపెట్టిరి గాని సమాజమందిరములో నలుగురి యెదుట తప్పుపట్టలేదు. తమయొద్ద చేర్చుకొని విశదపరచిరి. పండితుడు చేతిపనివారికి శిష్యుడాయెను! అందువలన అతని గౌరవము తగ్గలేదు. పిమ్మట అకయలోని విశ్వాసులకు అతడు మిక్కిలి సహాయపడెను.

2. నెల్లూరు జిల్లా స్త్రీలు నేర్చుకొనిరి

1990ల మొదట ఆ జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమము జరిగెను. పగలంతయు కూలిపని చేసిన స్త్రీలు రాత్రి బడికి వచ్చి పలకలు పట్టిరి. వారి వాచకములో సారావలన ఇల్లు పాడైన సీతమ్మ కథ యుండెను. అది తమ కథయే యని వారు గ్రహించిరి. 1992లో దూబగుంట స్త్రీలు తమ యూరి సారా దుకాణము మూయించిరి. ఆ కదలిక రాష్ట్రమంతట వ్యాపించెను. 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్‌లో సారా అమ్మకము నిషేధింపబడెను. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలింపబడినను, ఆ తల్లులు నేర్చిన అక్షరములను ఎవరును తీసివేయలేకపోయిరి.

3. మనము చేయవలసినది

(అ) నలువది యేండ్లు దాటినవారికి దగ్గరి చూపు తగ్గుట సహజము. “బుఱ్ఱకెక్కుట లేదు” అనువారికి కొన్నిసార్లు కావలసినది కళ్లజోడే. ముందుగా కన్నులు చూపించుకొనుడి.

(ఆ) మీ పేరుతోను, మీ యూరి పేరుతోను మొదలుపెట్టుడి. ఎరిగిన మాటలోని అక్షరము త్వరగా మనస్సున నిలుచును.

(ఇ) వారమున కొకనాడు మూడు గంటలు కూర్చుండుటకంటె దినమునకు అరగంట మేలు.

(ఈ) నేర్పునది మనుమరాలైనను సిగ్గుపడకుడి. బిడ్డలారా, తాత తప్పు చదివినప్పుడు నవ్వకుడి. ప్రిస్కిల్ల, అకులవలె ఇంటిలో, నెమ్మదిగా దిద్దుడి.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. ప్రిస్కిల్ల, అకుల అందరి యెదుట అపొల్లోను దిద్దియుండినయెడల ఏమి జరిగియుండును?

2. మన సంఘములో చదువు రానివారు ఎందరు? వారిలో ఒకరికి ఈ నెలలో తన పేరు వ్రాయ నేర్పుటకు మీరు సిద్ధమా?